కరివేపాకు తొట్టిలో చలికాలం

4,106వ రోజు. మట్టి: చూడలేదు. గుడ్లు: తెలియదు.

బంగారి కనిపించడం లేదు.

ఈ పుస్తకంలో ఉష్ణోగ్రతలూ బరువులూ తప్ప మరేమీ రాయకూడదని నాకు ముందు ఇక్కడ ఊసరవెల్లుల్ని సాకినాయన మొదటి పేజీలోనే రాసిపెట్టాడు. ఆయన హయాంలో బంగారి ఎప్పుడూ తప్పిపోలేదు కాబట్టి ఆ మాట చెల్లింది. నేను మాత్రం ఉన్నదున్నట్టు రాస్తాను. చదివేవాళ్లకి ఇష్టం లేకపోతే పేజీ తిప్పుకోవచ్చు.

తప్పు నాదే. పొద్దున్న మా చంద్రుడి సొరంగంలో దీపాలు తెల్లబడగానే ఎదురుగా ఉన్న తవిటినాయుడి దోసెల కొట్టుకి వెళ్లాను. చట్నీలో అల్లం ఎక్కువైందన్నాను. నా నాలుకే మొద్దుబారిపోయిందన్నాడు. మాటకి మాట పెరిగింది. ఆ కోపంలో బయల్దేరేటప్పుడు ఊసరవెల్లుల గది గడియ పెట్టానో లేదో చూసుకోలేదు. పెట్టలేదు.

బంగారి నిండు చూలాలు. నాలుగు రోజులుగా తిండి ముట్టడం లేదు. ఒళ్లంతా నలుపెక్కి, మీద పసుపు చుక్కలు తేలాయి. అది 'నా దగ్గరికి రావద్దు' అని చెప్పే రంగు. గుడ్లు పెట్టుకోవడానికి బకెట్ నిండా తడి ఇసుక పోసి పెడితే, విడిది నచ్చని మగపెళ్లివారిలా ఒకసారి చూసి మొహం తిప్పుకుంది. దాని జోడు, మేము పెద్దాయన అని పిలుచుకునే మగది, పోయిన నెలే ముసలితనంతో పోయింది. భూమ్మీద ఈ నీలికొమ్ము ఊసరవెల్లులు బతికిన దీవి కొండల్లో ఇప్పుడు ఒక్కటీ లేదు. అంటే ఈ జాతికి ఇవే ఆఖరి గుడ్లు. అవి మోసుకుని ఎటో వెళ్లిపోయింది, నేను అల్లం గురించి గొడవ పడుతుండగా.

4,108వ రోజు. మట్టి: ఏ మట్టో తెలియదు.

వచ్చింది! గది గుమ్మం మీద దర్జాగా కూర్చుని ఉంది. పొట్ట చప్పబడింది, రంగు మళ్లీ లేతాకుపచ్చకి తిరిగింది, గోళ్లనిండా మట్టి. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

ఆకు మీద నీళ్లు చిలకరించాను. చంద్రుడి మీద నీటిబొట్టు తొందరగా జారదు, ఉసిరికాయంత అయ్యేదాకా ఆకు కొసనే వేలాడుతుంది. బంగారి అలాంటివి ఆరు తాగింది. "ఎక్కడ పెట్టావే తల్లీ?" అని అడిగాను. ఒక కన్ను నా వైపూ, రెండోది పైకప్పుకి అంటుకుపోయిన మేత కీచురాయి వైపూ తిప్పింది. ఇక్కడ కీచురాళ్లు ఎగిరితే పైకప్పే. రోజుకి పదిసార్లు నిచ్చెనెక్కి ఏరుకోవడం నా పనుల్లో ఒకటి.

సొరంగంలోని నలభై ఒక్క ఇళ్లవాళ్లూ తమ పూలకుండీలు వెతికారు. ఎవరికీ ఏమీ దొరకలేదు.

4,131వ రోజు. మట్టి: 26 డిగ్రీలు. గుడ్లు: పది. (పదకొండు ఉండేవి.)

తవిటినాయుడు దోసె ప్లేటు పట్టుకుని వచ్చాడు. ప్లేట్లో దోసె లేదు.

"దాలమ్మప్పా, నా కరేపాకు తొట్టి గుల్ల సేస్తంటే ఇది తగిలినాది. పుట్టగొడుగనుకున్నాను. గట్టిగా ఉన్నాది. నీదేటో అని కడిగి మరీ తెచ్చినాను."

తెల్లగా, చింతగింజకి కాస్త పెద్దగా, తళతళలాడుతూ గుడ్డు. కడిగాడట! నేను తల పట్టుకుని కింద కూర్చుండిపోయాను. ఊసరవెల్లి గుడ్డు కోడిగుడ్డు కాదు. పెట్టి రెండు రోజులు దాటాక పైది కిందికి తిరిగిందంటే లోపల పిల్ల బతకదు. ఇది ఎన్నిసార్లు దొర్లిందో ఆ కొళాయి కింద.

"తెలీదప్పా," అన్నాడు తవిటినాయుడు. ఇరవై మందితో ఒకేసారి వాదించగల మనిషి, ప్లేటు అంచు భుజం మీది తుండుతో తుడుస్తూ నిలబడ్డాడు. నేను తిట్టలేకపోయాను. గడియ పెట్టనిది నేను కదా.

తొట్టి చూశాం. అతని కొట్టు ముందు సిమెంటు తొట్టి, అందులో మనిషెత్తు కరివేపాకు చెట్టు. మిగతా పది గుడ్లూ జానెడు లోతున, వేళ్ల మధ్య చిక్కుకుని ఉన్నాయి. సన్న వేళ్లు వాటిని చుట్టేసుకున్నాయి. తియ్యబోతే తిరిగిపోతాయి. కాబట్టి అక్కడే ఉంటాయి. నేనే కొట్టు దగ్గరికి వచ్చి చూసుకోవాలి. తవిటినాయుడి మొహం రోజూ చూడక తప్పదు.

4,140వ రోజు. మట్టి: 29.

మా ఇళ్లల్లో పురుడు పోసుకున్న మనిషికి చలిగాలి సోకనివ్వం. చెవుల్లో దూది, తలకి గుడ్డ, మంచం కింద నిప్పుల కుంపటి. ఇక్కడ కుంపట్లు లేవు గానీ ప్రేమ ఉంది. తొట్టి చుట్టూ పాత దుప్పటి చుట్టాను. పక్కన ఒక దీపం పెట్టాను. తవిటినాయుడి పెనం సెగ ఎలాగూ తగులుతోంది. గుడ్లు హాయిగా ఉన్నాయి. నాకూ హాయిగా ఉంది.

4,290వ రోజు. మట్టి: 29. గుడ్లు: పది, ఎలా ఉన్నవి అలాగే.

అదే నా భయం. ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి.

ఇవాళ పైనున్న మూడింటి మీద మట్టిని మెత్తటి కుంచెతో తొలగించి, సన్న టార్చి వేసి చూశాను. లోపల ఆవగింజంత ఎర్రచుక్క. సుమారు నూట అరవై రోజుల కిందట, దొరికిన రోజు చూసినప్పుడూ ఆవగింజంతే. చావలేదు, పెరగలేదు.

దీవిలో ఈ జాతిని చూసినవాళ్ల పాత నోట్సు మొత్తం చదివాను. ముందే చదవాల్సింది, సిగ్గుగానే ఉంది. కొండ మీద గుడ్లు పెట్టాక చలి వస్తుంది. నలభై రోజులు మట్టి పద్నాలుగు డిగ్రీలకి దిగుతుంది. ఆ చలి తగిలి, తర్వాత వెచ్చబడితేనే లోపలి పిల్ల నిద్ర లేచి పెరగడం మొదలుపెడుతుంది. చలి రాకపోతే నిద్రలోనే ఉండి ఉండి చివరికి ఎండిపోతుంది.

నేనేమో వాటికి బాలింత సేవ చేశాను! దుప్పటి లాగి పారేశాను. దీపం తీసేశాను. అక్కడే తొట్టి గట్టు మీద కూర్చుని బాగా ఏడ్చాను కూడా. తవిటినాయుడు ఒక పెసరట్టు వేసి పెట్టాడు. అల్లం తక్కువే వేశాడు.

4,291వ రోజు. మట్టి: 27.

సొరంగంలో గాలీ వేడీ చూసే ఇంజనీరు నూకరత్నం దగ్గరికి వెళ్లాను. తొట్టిని పద్నాలుగుకి దించాలి, ఎలా? తొట్టి చుట్టూ మంచు పేర్చితే?

"వేళ్లు సచ్చిపోతాయి పిన్నీ, చెట్టు పోతే మట్టి కుంగిపోద్ది, గుడ్లు దొర్లిపోతాయి," అంది. గోడ రాయి మీద వేలితో తట్టింది. "రాయికి దాని సలి దానికుంది. మనవే వెచ్చగాలి వదిలి ఆపుతన్నాం. అందరూ ఇళ్లల్లో ఆ గాలి మీటలు మూసేస్తే సొరంగం మొత్తం వారంలో పద్నాలుగుకొచ్చేస్తాది."

"అయితే మూసెయ్యి."

"నేనెలగ మూస్తాను? ఇంటి మీట ఇంటోళ్లదే. అది మనం వచ్చినప్పుడు రాసుకున్న మొదటి కట్టుబాటు. నువ్వెళ్లి అడుక్కోవాల."

నలభై ఒక్క ఇళ్లు. పదకొండేళ్లుగా ఇరవై ఏడు డిగ్రీలు తప్ప మరొకటి ఎరగని సొరంగం. భూమ్మీద ఎండలకి భయపడి వచ్చినా, ఇక్కడి రాయి చల్లదనం చూసి అంతకన్నా భయపడి, అందరం కలిసి ఖాయం చేసుకున్న అంకె అది. నలభై రోజులు వణకమని అడగాలి, ఊసరవెల్లి గుడ్ల కోసం. ఒక్కో సొరంగానికి ఒక్కో అంతరించిపోతున్న జంతువుని సాకమని ఇచ్చినప్పుడు, రెండో సొరంగంవాళ్లకి పునుగుపిల్లి వచ్చింది. పునుగుపిల్లి కోసమైతే ఎవరైనా వణుకుతారు. ఊసరవెల్లి అంటే తిట్టుమాట కదా మనకి.

4,293వ రోజు. మట్టి: 27.

నలభై ఒక్క ఇళ్లూ అయ్యాయి. నాకే నమ్మబుద్ధి కావడం లేదు.

ఏడో ఇంట్లో కాసులమ్మ, ఎనభై దాటిన మనిషి, నేను మాట పూర్తి చేయకముందే పెట్టె తెరిచింది. "సలికాలమా! ఒలమ్మా, నా ఉన్ని సెట్టరు పదకొండేళ్ల నించి పెట్లో మగ్గిపోతంది. ఎప్పుడు మూసేస్తావు? ఇప్పుడే మూసేయ్." తనే లేచి వెళ్లి మీట తిప్పేసింది. ఇంకా తేదీ పెట్టలేదని చెప్పినా వినలేదు.

ఇరవై రెండో ఇంట్లో మాత్రం బల్లికి చలికాలమేంటని నవ్వారు. బంగారిని భుజం మీద పెట్టుకుని మళ్లీ వెళ్లాను. అది వాళ్ల అమ్మాయి చీర రంగు వైపు ఒక కన్నూ, వాళ్ల టీ కప్పు వైపు ఒక కన్నూ వేసి, నెమ్మదిగా ఊగుతూ నడిచి ఆ అమ్మాయి చెయ్యెక్కింది. ఇక ఆ ఇంటి మీట ఎవరు తిప్పాలన్న దాని మీద వాళ్లలో వాళ్లకే పోట్లాట.

నలభై ఒకటోది తవిటినాయుడిది. "సరేలే అప్పా," అన్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదు. ఆ గుడ్డు కడిగిన పాపం ఇంకా మనసులో ఉందేమో అనుకున్నాను.

4,299వ రోజు. మట్టి: 20.

మీటలు మూసి ఐదు రోజులైంది, మట్టికన్నా ముందే గాలి చల్లబడింది. పొద్దున్నే కేకలు వినిపించి ఏం ప్రమాదమోనని పరిగెత్తాను. ఇక్కడ పుట్టిన పిల్లలందరూ నడవలో నిలబడి నోట్లోంచి పొగ వదులుతున్నారు. వాళ్ల ఊపిరి వాళ్లకి కనిపించడం ఇదే మొదటిసారి. ఒక పిల్ల "అమ్మా, నాకేటో అయిపోతంది!" అని ఏడుస్తోంది, పక్కది "నాకెక్కువొస్తంది సూడు!" అని గొప్పలు పోతోంది. పెద్దవాళ్లు దుప్పట్లు కప్పుకుని, టీ గ్లాసులు రెండు చేతులతో పట్టుకుని, ఊరికే నవ్వుకుంటూ తిరుగుతున్నారు. కాసులమ్మ సెట్టరు నీలం రంగుది. నడవ ఈ కొస నుంచి ఆ కొసకి మూడుసార్లు నడిచింది, అందరికీ కనపడాలని.

బంగారి కూడా రంగు మార్చింది. అంత నిండు నీలం నేను దాని మీద ఎన్నడూ చూడలేదు. ఏళ్ల తరబడి దానికి ఉక్కపోసి ఉంటుంది పాపం, ఎవరికి చెప్పుకుంటుంది?

4,306వ రోజు. మట్టి: 19.

దిగడం లేదు. సొరంగం ఆ కొస పద్నాలుగు, ఈ కొస పద్నాలుగు. నా తొట్టి ఒక్కటే పందొమ్మిది. రోజూ పొద్దున్న చూస్తే ఒక డిగ్రీ పెరిగి ఉంటోంది, సాయంత్రానికి దిగుతోంది.

నూకరత్నం వచ్చి తొట్టి వెనక గోడ మీద చెయ్యి పెట్టింది. నా చెయ్యి కూడా తీసి అక్కడ పెట్టింది. వెచ్చగా ఉంది. ఆ గోడ అవతల తవిటినాయుడి వంటగది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఎదురుగా సరేనని, చాటున మీట తెరుస్తాడా? గుడ్డు చంపింది చాలక? ఈ మాటలన్నీ అతని మొహం మీదే అన్నాను, దోసెల కోసం నిలబడ్డవాళ్లందరూ వింటుండగా.

అతను పెనం మీద నీళ్లు చల్లి, మంట తగ్గించి, లోపలికి రమ్మన్నాడు. వంటగదిలో గోడవారగా ఆరు పిండి గిన్నెలు. ఒకటి మూత తీసి చూపించాడు. పిండి అడుగునే చదునుగా పడి ఉంది. ఒక్క బుడగ లేదు.

"ఇది పొంగాలప్పా. సలికి పొంగట్లేదు. అందుకే ఓ రెండు గంటలు తెరుస్తన్నాను. తప్పే."

"దోసెలు నలభై రోజులు లేకపోతే ఎవరూ చచ్చిపోరు!"

"దోసెలు కాదప్పా." గొంతు తగ్గించాడు. "ఇక్కడ గాలి వడకట్టిన గాలి. పిండి దానంతటది పులవదు. మాయమ్మ బొబ్బిల్లో పులియబెట్టిన పిండి ఓ స్టీలు క్యానులో తెచ్చినాను. దాంట్లోంచి గుప్పెడు రేపటి పిండిలో కలుపుతాను, రేపటిది ఎల్లుండి దాంట్లో. పదకొండేళ్లు ఒక్క రోజు మానలేదు. నాలుగు రోజులు పొంగకపోతే అది సచ్చిపోద్ది. మాయమ్మ లేదు, మళ్లీ ఎక్కడ తేను?"

నేను ఆ గిన్నె వైపే చూస్తూ నిలబడ్డాను. ఇన్నాళ్లూ ఈ సొరంగంలో ఆఖరి ప్రాణాన్ని కాపాడుతున్నది నేనొక్కదాన్నే అనుకున్నాను. పది అడుగుల దూరంలో ఇతనూ అదే పని చేస్తున్నాడు. నా దాని గురించి ఊరంతా చెప్పుకున్నాను, అతను నోరెత్తలేదు.

"ముందే చెప్పి ఏడవొచ్చు కదరా నాకు!" అన్నాను.

"నీ ముందా? గుడ్డు కడిగినోణ్ణి, ఇంక పిండి గురించి ఏ మొహం పెట్టుకుని అడుగుతాను?"

4,307వ రోజు. మట్టి: 17.

పరిష్కారం నా ముక్కు కిందే ఉంది. కీచురాళ్ల గది! ఊసరవెల్లుల మేతకి కీచురాళ్లు పెరగాలంటే ముప్పై డిగ్రీలు కావాలి. అందుకని దానికి జంట గోడలు, లోపల సొంత హీటరు. సొరంగంలో విడిగా వెచ్చబడే గది అదొక్కటే.

"పురుగుల గదిలోనా నా పిండి?" తవిటినాయుడు రెండడుగులు వెనక్కి వేశాడు.

"మూతలు పెట్టి గుడ్డ కడదాం."

"దూరితే?"

"దూరితే దోసెలో బలం ఎక్కువ. బంగారిని చూడు ఎంత నిగనిగలాడుతోందో."

రెండు పొరల గుడ్డ కట్టాడు. దాని మీద మూత, మూత మీద రాయి. అప్పటికీ నమ్మకం కుదరక గిన్నెల పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాడు. అంతకుముందే పెనం తొట్టికి దూరంగా జరిపి, వంటగది మీట తనే మూసి, పిడి ఊడదీసి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

సాయంత్రం గుడ్డ విప్పితే పిండి మూతని తోసుకుని పొంగి ఉంది. తవిటినాయుడు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. "పాట ఇన్నాదప్పా! ఈ పురుగుల పాట ఇని పొంగినాది!" అని నడవంతా చెప్పుకొచ్చాడు. ఇప్పుడు అందరూ పాటల దోసె కావాలని అడుగుతున్నారు.

4,310వ రోజు. మట్టి: 14.

పద్నాలుగు. మూడుసార్లు చూశాను. ఇక నలభై రోజులు లెక్కపెట్టాలి.

4,350వ రోజు. మట్టి: 14, రేపటి నుంచి పెరుగుతుంది.

ఇవాళ మీటలు తెరవమని ఇంటింటికీ చెప్పాను. పండగ అయిపోయినట్టు మొహాలు పెట్టారు. కాసులమ్మ సెట్టరు ఉతికి మడతపెట్టింది, కానీ పెట్టెలో పెట్టలేదు, కొక్కేనికి తగిలించింది.

4,375వ రోజు. మట్టి: 24.

టార్చి వేశాను. ఎర్రచుక్క చుట్టూ సాలెగూడులా నరాలు! పెరుగుతున్నాయి! తవిటినాయుణ్ణి పిలిచి చూపించాను. చూసి, "మరి సలి తగిలితే ఆకలేస్తాది గదా," అన్నాడు, ఏదో తనకి ముందే తెలిసినట్టు.

4,509వ రోజు. మట్టి: 25.

నూట యాభై రోజులకి పిల్లలు రావాలని నోట్సులో ఉంది. నూట యాభై తొమ్మిది అయ్యాయి. గుడ్ల మీద చెమట పట్టాలి ముందు, పట్టిందో లేదో తెలియదు. నెల నుంచి తొట్టి మీద చెయ్యి వేయడం మానేశాను, ఇప్పుడు కదిపితే ప్రమాదం. అన్నం సయించడం లేదు. తవిటినాయుడు రోజూ దోసె ప్లేటు తొట్టి గట్టు మీద పెట్టి వెళ్తున్నాడు. చట్నీలో అల్లం ఉందో లేదో కూడా నాకు తెలియడం లేదు.

4,512వ రోజు. గుడ్లు: తర్వాత రాస్తాను!

పొద్దున్న కొట్టు దగ్గర్నుంచి ఒక కేక. మంట అంటుకుందనుకుని చెప్పుల్లేకుండా పరిగెత్తాను. తొందరలో రెండు గెంతులకి తల పైకప్పుకి తగిలింది.

తవిటినాయుడు చెయ్యి ముందుకి చాపి రాయిలా నిలబడి ఉన్నాడు. పొయ్యి మీద మూకుడులో ఆవాలు చిటపటలాడుతున్నాయి. అరచేతిలో, తాలింపు కోసం అప్పుడే తుంచిన కరివేపాకు రెమ్మ.

"అప్పా," అన్నాడు, పెదవులు కదలకుండా. "దీనికి కళ్లున్నాయి."

రెమ్మకి తొమ్మిది ఆకులు. పదోది ఆకు కాదు. నా చిటికెనవేలి గోరుకి రెండింతలు ఉంటుంది. తోక చుట్టుకుని, ఒక కన్ను తవిటినాయుడి ముక్కు మీదా, మరో కన్ను నా మీదా వేసి, ఇద్దరం నచ్చినట్టు లేదుగానీ, సర్దుకుపోదామన్నట్టు చూస్తోంది. ముక్కు కొసన నలక అంత నీలం కొమ్ము.

"నూనెలో ఏసీబోయినానప్పా. సెయ్యి ఆగిపోనాది. ఎందుకాగిందో తెల్దు." అతని కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, అది ఎక్కడ పడిపోతుందోనని రెండో చెయ్యి కూడా కదపడు. నేనే నా కొంగుతో తుడిచాను. నా కళ్లు ఎవరూ తుడవలేదు, అందరూ చెట్టు వైపు చూస్తున్నారు.

చెట్టంతా వెతికాం. కొమ్మ కొమ్మకీ, ఆకు ఆకుకీ, నడవలో ఉన్నవాళ్లందరూ ఊపిరి బిగబట్టి. ఎవరికి కనిపిస్తే వాళ్లు వేలెత్తి, మాట్లాడకుండా, చూపించారు. రెండు. మూడు. కాసులమ్మకి అద్దాలు లేకుండానే నాలుగోది కనిపించింది. సాయంత్రానికి తొమ్మిది. పదో గుడ్డు మట్టిలో చిల్లు పడకుండానే ఉండిపోయింది.

తొమ్మిది! పోయిన ఏడాది ఈ జాతికి మిగిలింది బంగారి ఒక్కతే. ఇప్పుడు పది.

ఇవాళ సొరంగంలో ఎవరూ తాలింపు వేయలేదు.

4,657వ రోజు. మట్టి: కింద రాస్తాను.

తొమ్మిదింటిలో నాలుగు మగవి, ఐదు ఆడవి. ఇంకా చిన్నవే, జోడు కట్టడానికి వచ్చే ఏడు దాకా ఆగాలి. కాబట్టి ఈ ఏడు గుడ్లు లేవు, చలి అక్కర్లేదు. ఎవర్నీ ఏమీ అడగలేదు.

వారంగా కాస్త చల్లగా ఉన్నా వయసు మీద పడి అనుకున్నాను, ఇవాళ పొద్దున్న లేచేసరికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. నా గదిలో ఏదో పాడైందనుకుని నడవలోకి వచ్చాను. పిల్లలు పొగ వదులుతున్నారు. కాసులమ్మ నీలం సెట్టరులో ఎదురొచ్చింది. ప్రతి ఇంటి గోడ మీదా చూసుకుంటూ నడిచాను. మీటలన్నీ మూసి ఉన్నాయి, నలభై ఒకటీ.

కీచురాళ్ల గది ముందు తవిటినాయుడు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లో గుడ్డ కట్టిన పిండి గిన్నె.

"తలుపు తియ్యప్పా, ఎంతసేపు? పిండి సల్లారిపోతంది."

"ఈ ఏడు గుడ్లు లేవు కదరా నాయుడూ!"

"అయితే?" అన్నాడు. "సలికాలం మానీసుకుంటామేటి?"

తలుపు తీశాను.

మట్టి: 16, దిగుతోంది. గుడ్లు: లేవు. పిండి: పొంగింది.